అత్త వండని పుట్టగొడుగులు

మొన్న వాన వెలిశాక పొన్నేరి నుంచి మనవరాలు ఫోన్‌లో రెండు ఫోటోలు పంపి, పగడపు కొమ్మల్లా ఉన్న ఈ రెండు పుట్టగొడుగులకూ తేడా ఏమిటి తాతా అని అడిగింది. ఏడో తరగతిలో బడికి సెలవు పెట్టి నేటికీ తిరిగి వెళ్లని నన్ను కాలేజీ పిల్ల అడగడమా అని కాసేపు మీసం దువ్వుకున్నాను గానీ, ఆ తేడా నేనెంత చెమటోడ్చి నేర్చుకున్నానో దానికేం తెలుసు.

పెళ్లయిన మరుసటి ఏడు, మా ఇంటావిడ ఐదో నెల కడుపుతో తిరుత్తణి దగ్గర పుట్టింట్లో ఉంటే చూడబోయి, ఊరికే తిని కూర్చుంటే అల్లుడి పరువేం కావాలని కొండవాలుకు వెళ్లి తువ్వాలు నిండా ఆ పుట్టగొడుగులు ఏరుకొచ్చాను. మా వైపు కొండల మీద తినేది మీగడ రంగు. తింటే వాంతులూ విరేచనాలూ పట్టుకునేది గులాబి ఒంటికి పసుపు కొనలు. లేతగా ఉంటే పసిపిల్లలైనా చెబుతారు, ముదిరి వానకు నానాయంటే మాత్రం రెండూ ఒకే గడ్డిరంగుకు తిరిగి అన్నదమ్ముల్లా నిలబడతాయి. అప్పుడు విరిచి చూడాలి, మంచిది తెల్లగానే ఉంటుంది, రెండోది విరిగినచోట నల్లబడుతుంది అని మా అవ్వ చిన్నప్పుడే చెప్పింది. నేను విరవలేదు, అంతటి పండితుడికి పరీక్షలెందుకు?

మధ్యాహ్నం అందరం కూర లాగించాం, మా ఆవిడ రెండోసారి కూడా వేయించుకుంది. చెయ్యి కడుక్కుని తువ్వాలు దులిపితే మడతలో చిక్కుకున్న పుట్టగొడుగు తునక ఒకటి కిందపడింది, విరిగినచోట నల్లగా. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే తల్లీబిడ్డల ప్రాణం. మామ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నా వేళాకోళాలు తెలిసిన మామ మొదట నవ్వి, నా మొగం చూసి నవ్వు ఆపి, ఆస్పత్రికి బండి కట్టడానికి లేచాడు.

ఆ రోజుల్లో అత్త అల్లుడితో ఎదురుగా మాట్లాడేది కాదు. తలుపు చాటు నుంచి కూతురితో అన్నది:

"మీ ఆయన్ని బయపడొద్దనుమ్మే. ఆయన తెచ్చినవి అప్పుడే ఎరువుదిబ్బలో పోసినా. మనం తిన్నవి పొద్దున నేను ఏరుకొచ్చినవి."

మరి ముందే చెప్పలేదేమని మామ గద్దించాడు.

"కొత్తల్లుడు ఆశగా తెచ్చినాడు. బాగలేవని ఎట్ల చెప్పేది?"

అరుగు మీద కూలబడి నవ్వానంటాను నేను, ఏడ్చానంటుంది మా ఆవిడ.

ఆ కడుపులోని బిడ్డే ఈ మనవరాలి తల్లి. విరిచి చూడమ్మా అని జవాబు పంపితే, ఈలోపల ఫోనే చెప్పేసింది తాతా అని వచ్చింది. మంచిదే. ఇప్పుడు మా ఇంట్లో తలుపు చాటున మాట్లాడేవాళ్లూ లేరు, నా తప్పులు నా మొగం మీదే, పక్కవీధికి కూడా వినబడేలా చెబుతారు. అదీ మంచిదేనేమో. కానీ నేను తెచ్చింది చప్పుడు లేకుండా పారేసి, తాను ఏరినదాన్ని నా పేరున వడ్డించే చెయ్యి ఇక లేదు గదా అని, వాన పడినప్పుడల్లా అనిపిస్తుంది.