తూకాలమ్మ తినని ముద్ద

నిన్న పొద్దున మా మనవరాలు కుక్కరు మూత తీసేసరికి ఇల్లంతా ఉడికిన జొన్న వాసన కమ్ముకుంది. గుంటూరులో, మూడో అంతస్తు ఇంట్లో, ఎండలో ఆరేసిన గోతాంలాంటి ఆ వాసన ముక్కుకి తగలగానే నా చేతిలో తస్బీ పూసలు తిరగడం ఆగిపోయింది. "నానీ, జొన్నల మీద ఇప్పుడెన్ని పరిశోధనలు వస్తున్నాయో తెలుసా? షుగరుకి మంచిదట. మన పేగుల్లో ఉండే సూక్ష్మజీవులకి కూడా ఇదే మంచి తిండట" అని పిల్ల ఫోను చూస్తూ చదివి వినిపించింది. సంతోషం. మనుషులకి పెట్టినా పెట్టకపోయినా పేగుల్లో పురుగులకి ఏరి కోరి పెట్టే రోజులొచ్చాయి. "ఈ సంగటి కుండనే గంప కింద దాచుకున్న ఊరు నాకు తెలుసే" అన్నాను. "దాచడమెందుకు, దొంగలెత్తుకుపోతారా?" అని నవ్వింది. దొంగలొస్తారని కాదు. తూకాలమ్మ వస్తోందని దాచారు.

ఆవిడ అసలు పేరు రాజ్యలక్ష్మి గారు. పల్లెల్లో జనం తినే తిండిని తూచి, అందులో ఒంటికి కావలసినవి ఉన్నాయో లేవో తేల్చే ఆహార పరిశోధన ఆవిడ ఉద్యోగం. నలభై దాటిన మనిషి. బక్కపలచన, చిన్నప్పుడే భర్త పోయాడు, కోపం ముక్కు మీదే ఉండేది. పందొమ్మిది వందల యాభైల చివర్లో ఒకనాడు త్రాసుకి గుడ్డసంచి కుట్టించుకోవడానికి దర్శిలో మా నాన్న కుట్టుమిషను దగ్గరికి వచ్చింది. నేను పక్కన కూర్చుని కాజాలు కుడుతున్నాను. నన్ను ఎగాదిగా చూసి, "ఈ అమ్మాయి ఏం చదివింది?" అని అడిగింది. "ఎస్సెల్సీ ప్యాసైందండి. ఊరికే ఉంది" అన్నాడు నాన్న. "చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ళు తెలుసా?" "తెలియని ఇల్లు లేదండి. కుట్టిన రవికలన్నీ ఇదే ఇచ్చొస్తుంది." "అయితే నాతో పంపండి. మా ఆఫీసులో మగవాళ్ళని ఎవరూ వంటింటి గడప దాటనివ్వరు. పొయ్యి దగ్గర కూర్చునే మనిషి కావాలి నాకు." సాయిబుల పిల్ల జీపెక్కి ఊళ్ళు తిరగడమేమిటని మావాళ్ళు నలుగురూ నాలుగు మాటలన్నారు. నాన్న వినలేదు. అలా నాకు ఉద్యోగం కుట్టుమిషను మీదుగా వచ్చింది.

ఆవిడ పని నేర్పే తీరు దెబ్బలు కొట్టని పంతులు తీరు. ఖాళీ కుండ తూచాలి, పిండి తూచాలి, వండాక తూచాలి, మిగిలింది తూచాలి, కుక్కకి వేసింది కూడా తూచాలి. అందాజుగా చెబితే మండిపడేది. "కళ్ళు జాలిపడతాయి జైనబీ, నోరు మొహమాటపడుతుంది. త్రాసుకి ఆ రెండూ లేవు. అది చెప్పిందే రాయి" అనేది. ఇంకొక నియమం కూడా ఉండేది. తూచే ఇంట్లో ఏమీ తినకూడదు, తాగకూడదు. మనకోసం వాళ్ళు ఇంకో గుప్పెడు వేస్తే లెక్క చెడుతుందని. అందుకే మా జీపులో ఒక కారియరు, ఒక మంచినీళ్ళ కూజా ఎప్పుడూ ఉండేవి. ఆ నియమం నాకప్పుడు చాలా గొప్పగా తోచింది.

దర్శి నుంచి కనిగిరి వైపు పోతుంటే దారికి బాగా లోపల ఒక మెట్ట ఊరు. పత్తి, మిరప, మధ్యలో రాళ్ళు. వాన పడితే జొన్న, పడకపోతే అదీ లేదు. పసిపిల్లల కోసం పాలపొడి, వేరుశనగ పిండి ఇచ్చే కేంద్రాన్ని ఆ తాలూకాలో ఏదో ఒక ఊళ్ళో పెడతామన్నారు. తిండి చాలని ఊరేదో మా తూకం తేల్చాలి. ఆ ఊళ్ళో కోటమ్మ అని ఒక కూలి మనిషి ఉండేది. ఆమె రెండో పిల్ల చిట్టి. చంకలోకి తమ్ముడు రావడంతో పాలు మాన్పించిన పిల్ల. చూడడానికి బొద్దుగానే ఉంది, జుట్టు మాత్రం రాగి పీచులా ఎర్రబడింది. ఆడదు, గట్టిగా ఏడవదు, ఊరికే మూలుగుతుంది. రాజ్యలక్ష్మి గారు మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల పాదం మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. "ఇది కండ కాదు, నీరు" అంది నాతో మెల్లగా. "ఈ పిల్లకి జావ తప్ప ఇంకేమీ అందడం లేదు. జొన్న చెడ్డది కాదు జైనబీ, ఒంటరిది. దాని పక్కన పప్పో పాలో ఉండాలి. కేంద్రం ఈ ఊరికొస్తే ఈ పిల్ల బతుకుతుంది."

అప్పుడే కోటమ్మ ముంతలో మజ్జిగ తెచ్చింది. "వద్దమ్మా, మాకు పద్ధతి కాదు" అంది ఆవిడ. కోటమ్మ మంచినీళ్ళు తెచ్చింది. "అదీ వద్దమ్మా, మా నీళ్ళు మాకున్నాయి." కోటమ్మ ముంత తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు తూకం మొదలైంది. కోటమ్మ పొయ్యి మీద వరన్నం ఉడుకుతోంది. ముద్దపప్పు, నెయ్యి, పెరుగు. మెట్ట ఊళ్ళో కూలి ఇంట్లో వరన్నం పండక్కి కూడా అపురూపమే. పక్కింట్లోనూ అదే భోగం. ఆ పక్క ఇంట్లోనూ అంతే. మూలన గంప బోర్లించి ఉంది, దాని కిందేముందో నాకు తెలుసు. వాసన గంప కింద ఆగుతుందా? నాలుగిళ్ళు తిరిగేసరికి నెయ్యి గిన్నెని కూడా గుర్తుపట్టాను. అంచు దగ్గర సొట్టబోయిన ఇత్తడి గిన్నె. మేము ముందు గుమ్మంలోంచి బయటికొస్తుంటే అది వెనక దొడ్లోంచి పక్కింటికి పరుగెడుతోంది. ఊరంతా కలిసి చుట్టాన్ని చూసుకున్నట్టు మమ్మల్ని చూసుకుంటున్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా!

సాయంత్రం జీపు దగ్గర ఉండబట్టలేక చెప్పేశాను. "అమ్మా, ఇది పెళ్ళివారి వంట. ఈ బియ్యం మోతుబరి ఇంట్లోంచి అరువు తెచ్చారు. నెయ్యి గిన్నె ఊరంతటికీ ఒకటే." "నాకూ కళ్ళున్నాయి" అంది ఆవిడ. "రెండ్రోజులు పోతే విసిగిపోతారు. అరువు ఎన్నాళ్ళు పుడుతుంది?" కానీ ఆ ఊరి పట్టుదల ఆవిడకి తెలియదు. మేమున్నన్నాళ్ళూ అరువు పుడుతూనే ఉంది. చివరి రోజున నేను బతిమాలాను. "మనకి తెలిసిందే రాద్దామమ్మా. జొన్న సంగటి, పచ్చిమిరపకాయ కారం. అంతే కదా వీళ్ళు తినేది? అబద్ధం కాదు కదా!" ఆవిడ మొహం ఎర్రబడింది. "మంచికోసమని ఇవాళ నేనొక అంకె మారిస్తే, రేపు చెడ్డకోసం ఇంకొకడు మారుస్తాడు. అప్పుడు వాణ్ణి ఏమని అడుగుతావు? తూచిందే రాస్తాను. జరిగిందేమిటో నోటితో చెబుతాను."

చెప్పింది కూడా. గుంటూరులో మా పెద్దాఫీసరు గదిలో నేనూ ఆవిడ వెనక నిలబడి ఉన్నాను. ఆయన మంచి మర్యాదస్తుడు, ఎవర్నీ ఒక్క మాట అనడు. "వరన్నం, పప్పు, నెయ్యి, పెరుగు. మీ చేతి తూకమే కదా రాజ్యలక్ష్మి గారూ! ఇంత తింటున్న ఊరికి పాలపొడి ఎందుకండీ?" అన్నాడు. "అదంతా మాకోసం వండిన వంటండి. నెయ్యి గిన్నె ఒక్కటే ఊరంతా తిరిగింది." "గిన్నె తిరిగిందనడానికి తూకం ఉందా?" "మళ్ళీ ఒకసారి వెళ్ళనివ్వండి. చెప్పకుండా వెళతాను." "జీపు ఖాళీ లేదండీ. మీ అనుమానానికి రిపోర్టులో కాలమ్ కూడా లేదు. ఉంటే వేసేవాణ్ణే." ఆ మాటకి ఆయనే చిన్నగా నవ్వుకున్నాడు. కేంద్రం కాలవ కింద ఊరికి పోయింది, గాదెల నిండా ధాన్యం ఉన్న ఊరికి. అక్కడివాళ్ళు తెలివైనవాళ్ళు, తూకం రోజున గంజి కాచారని తర్వాత విన్నాను.

మిరప కోతలు అయ్యాక సెలవు పెట్టి బస్సులో వెళ్ళాం, ఆవిడా నేనూ. సంచిలో సొంతంగా కొన్న పాలపొడి డబ్బాలున్నాయి. కోటమ్మ ఇంటి ముందు ఎర్రగా మిరపకాయల కుప్ప, కోటమ్మ దాని పక్కన కూర్చుని తొడిమలు తీస్తోంది. చంకలో పిల్లాడున్నాడు. చిట్టి లేదు. మేము అడక్కముందే, "ఉబ్బు మొగం దాకా వచ్చింది. తెల్లారేసరికి పోయింది" అంది కాయల్లోకి చూస్తూ. కారం చేతులతో కళ్ళు కూడా తుడుచుకోవడానికి లేదు ఆమెకి.

రాజ్యలక్ష్మి గారు అక్కడే మట్టిలో కూలబడింది. ఆవిడ గొంతులో జాలి లేదు, కోపమే ఉంది. "ఎందుకు దాచావు కోటమ్మా? ఆ కుండ ఒక్కసారి చూపించి ఉంటే నీ పిల్ల..."

కోటమ్మ తలెత్తింది. "ఎట్టా చూపీమంటావమ్మా? మజ్జిగిస్తే వద్దన్నావు. మంచినీళ్ళిస్తే వద్దన్నావు. మా ఇంట నీళ్ళు ముట్టని పెద్దకులం మనిషికి మా సంగటి ఎట్టా చూపిచ్చేది? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్దని మూతేసుకున్నాం. నువ్వు తినే మనిషివైతే దాచుద్దునా? కుండ నీ ముందు పెట్టేదాన్ని."

ఆవిడ మొహం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. లెక్క చెడకూడదని పెట్టుకున్న నియమం మొత్తం లెక్కనే చెడగొట్టిందని అప్పుడర్థమైంది మా ఇద్దరికీ. కులమని వాళ్ళనుకున్నారు. పద్ధతని మేమనుకున్నాం. మధ్యలో పిల్ల పోయింది. ఆవిడ, "ఇప్పుడుంటే ఓ ముద్ద పెట్టు" అంది. కోటమ్మ చేతులు కడుక్కుని గంప ఎత్తింది. ఆకులో సంగటి ముద్ద, పక్కన ఇంత కారం. ఇంకేమీ లేదు. ఆవిడ మెతుకు వదలకుండా తిన్నది. నేనూ తిన్నాను. కారం ఘాటుకి కళ్ళు కారుతున్నాయని ఇద్దరం నటించాం.

ఆ తర్వాత ఆవిడ ప్రతి ఇంట్లోనూ తినడం మొదలుపెట్టింది. పద్ధతి తప్పుతోందని పైవాళ్ళు గుంటూరు ఆఫీసులో కుర్చీకి కట్టేశారు. ఫైళ్ళ మధ్యే ముసలిదైపోయి, ఆ ఊళ్ళోనే మంచాన పడి కన్నుమూసింది. పోయేముందు చూడ్డానికి వెళితే, "కోటమ్మ కొడుకు బాగున్నాడా?" అని అడిగింది. బాగున్నాడన్నాను. అది నిజమే. ఆవిడంటే నాకు ప్రాణం. కానీ ఆవిడ మీద కోపం కూడా నాకింకా పోలేదు. ఒక్క అంకె మార్చి ఉంటే ఏం మునిగిపోయేది? అని ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. మారిస్తే రేపు వాణ్ణి ఏమని అడుగుతావు? అని ఆవిడ గొంతే జవాబిస్తుంది. ఆ వాదనలో నేను ఒక్కసారీ గెలవలేదు. గెలవలేదని చిట్టి బతికి రాదు కదా!

తర్వాత నేను గ్రామసేవికనై, రిటైరయ్యేదాకా పల్లెలే తిరిగాను. ఏ ఇంటికెళ్ళినా ముందు పొయ్యి దగ్గర పీట వేసుకుని, "మీరు తినేదే నాకూ ఇంత పెట్టమ్మా" అనేదాన్ని. తిన్నాకే తూచేదాన్ని. ఏం తిన్నారని ఎవర్నీ అడగలేదు. ఆ ప్రశ్నకి ఆకలితో ఉన్నవాళ్ళెవరూ నిజం చెప్పరు.

మనవరాలు పింగాణీ గిన్నెలో సంగటి పెట్టి, అందరికీ చూపించాలని ముందు ఫోనులో ఫోటో తీసుకుంది. "తిను నానీ, చల్లారిపోతుంది" అంది.

"పక్కకి ఏం వండావే?" అని అడిగాను.

"పప్పుంది, గోంగూరుంది, గుడ్డుంది, గడ్డ పెరుగుంది. ఇంకేం కావాలి?"

ఇంకేం అక్కర్లేదు. అవన్నీ పక్కనుంటే నీ ఫోను చెప్పినట్టు సంగటి చాలా మంచిదే. చిట్టి వాళ్ళింటి కుండలో అదొక్కటే ఉండేది.