రెండో నోటి దాకా

మా ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది పెళ్లికార్డుల కోసం. చంద్రపూర్ బజారులో నాకు చిన్న కార్డుల దుకాణం ఉంది. మరాఠీ కార్డులే ఎక్కువ. ఎప్పుడైనా తెలుగు కార్డు వస్తే అచ్చుతప్పులు దిద్దేదాన్నీ నేనే, అవి మిగిలితే తిట్లు తినేదాన్నీ నేనే. రంగులు, పూలతీగలు, వినాయకుడి బొమ్మ, ఇంతవరకే ఆ యంత్రానికి చేతనైంది. దాని మీద విమానం నడిపే ఆట ఎక్కించానంటే అది నా సరదా కాదు. మా బాపు అడిగిన ఒక ప్రశ్న కోసం.

బాపు కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడి బొగ్గుబాయిలో పనిచేశాడు. లోపలి నుంచి బొగ్గు డబ్బాలను తాడుతో పైకి లాగే యంత్రం ఆయన చేతిలో ఉండేది. ఆయన తమ్ముడు, మా కాక, లోపల బొగ్గు నింపేవాడు. ఆ బాయికి రెండు నోళ్లు, అంటే లోపలికి దిగే దారులు. ఒకరోజు బాపు మొదటి నోటి దగ్గర పనిలో ఉండగా లోపల పైకప్పు కూలింది. కాకను రెండో నోటి నుంచి బయటికి తెస్తున్నారని తెలిసి బాపు పరుగెత్తాడు. ఆయన చేరేసరికి కాక పోయాడు. "గిప్పటిదాంక అన్నా, అన్నా అనుకుంట ఉండె" అని అక్కడున్న వాళ్లలో ఎవరో చెప్పారట. ఆ మాట నోరు జారిన మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ రోజు నుంచి బాపును ఒకే ప్రశ్న తొలుస్తోంది. ఆ రెండు నోళ్ల మధ్య నిజంగానే అంత దూరం ఉందా, లేక తాను సరిగ్గా పరుగెత్తలేదా? పోయి చూసుకుందామంటే బాయి ఎప్పుడో మూతపడింది. చుట్టూ కంచె, లోపల తుమ్మచెట్లు. పులి తిరుగుతోందని అటవీశాఖ వాళ్లు అడుగు పెట్టనివ్వరు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి చూపిస్తే బాపు దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి నా చేతిలో పెట్టేశాడు.

"గిది చాప పరిచినట్టున్నది బిడ్డా. ఎత్తేది, పల్లమేది?"

నేలను ఎత్తుపల్లాలతో సహా చూపించే విమానాల ఆట ఒకటి ఉందని తెలిసింది. ఉన్న పని పక్కనపెట్టి దాన్ని కంప్యూటర్‌లోకి దించాను. మొదటిసారి బాపును కూర్చోబెట్టి ఊరి బయటి చిన్న రన్‌వే మీది నుంచి లేపాను. థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనబడగానే ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. అంతలోనే తెర మీది బొమ్మ ఆగింది. ఎగిరి దూకింది. మళ్లీ ఆగింది. నది దాటకముందే బాపుకు కళ్లు తిరిగి వాంతి అయింది. అమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఇంటర్నెట్‌లో సలహాలకు కొదవలేదు. కాకపోతే అవన్నీ విమానాన్ని చూసి మురిసేవాళ్ల సలహాలు. కాక్‌పిట్ మెరవాలి, మబ్బులు మెత్తగా ఉండాలి, నేలదేముంది, తగ్గించుకోండి అంటారు. మాకు కావలసిందే నేల. అందుకని నేను అన్నీ తలకిందులుగా చేశాను. మబ్బులు తీసేశాను. నీడలు, నీటి మెరుపులు, రోడ్ల మీది వాహనాలు, చెట్లు, అన్నీ పోయాయి. కాక్‌పిట్‌లో అంకెలు చదవడానికి వీల్లేనంత మసకబారాయి. బాయి చుట్టుపక్కల నేలను ముందే డిస్క్‌లోకి దించి పెట్టుకున్నాను, ఆట నడుస్తుండగా నెట్ కోసం ఎదురుచూడకుండా. క్షణానికి బొమ్మలు ఎక్కువ రానక్కర్లేదు, వచ్చినవి ఒకే వేగంతో వస్తే కళ్లు తిరగవని తెలిసి దానికి ఒక హద్దు పెట్టాను.

ఎత్తులో ఎగిరినంతసేపు బాగానే ఉండేది. కిందికి దిగితే మళ్లీ అదే కుదుపు. ఆట మొదలైన కాసేపటికి మరీ ఎక్కువయ్యేది. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనక తప్పదేమో అనుకుంటూ విసుగ్గా మోకాళ్ల మీద కూర్చుని బల్ల కిందికి తొంగిచూశాను. కంప్యూటర్ డబ్బా మీద అమ్మ కుట్టిన గుడ్డ తొడుగు, గలీబు ఉంది.

మా ఊళ్లో ఇది మామూలే. కిటికీ తెరిస్తే బూడిద, మూస్తే బొగ్గు. అందుకే ప్రతి ఇంట్లో టీవీకీ మిక్సీకీ పాత చీరలతో గలీబులు కుడతారు. అమ్మ మా కంప్యూటర్‌కూ కుట్టింది. మీట నొక్కడానికి ముందువైపు మాత్రం చిన్న కిటికీ వదిలింది. వెనక గాలి బయటికి పోయే చోట రెండు పొరలు వేసింది. వేడికి లోపలి యంత్రం తనంతట తాను నెమ్మదిస్తుంటే, నేను పైన మబ్బులను తిడుతూ కూర్చున్నాను.

"అమ్మా, దానికి ఊపిరాడుతలేదే!"

"దుమ్ము పడితే ఖరాబైతదని కప్పిన. నాకేం తెలుసు దానికి ఊపిరుంటదని?"

గలీబు తీసి, పెయింటు బ్రష్‌తో ఫ్యాన్ శుభ్రం చేశాను. బ్రష్ నల్లబడింది. గదిలోని కూలర్‌ను కొంచెం దూరంగా పెట్టి, తడి తగలకుండా చల్లగాలి మాత్రం వచ్చేలా చూశాను.

ఆదివారం పొద్దున చాయ్ తాగాక బాపును పిలిచాను. ఈసారి బొమ్మ ఆగలేదు. నది వచ్చింది, వంతెన వచ్చింది. ఆయన సైకిల్ మీద పనికి పోయిన దారి పట్టుకునే పోయాను. నల్లటి మరక, దాని పక్కన కూలిన గోడలు కనబడ్డాయి. "గదే మొదటి నోరు" అన్నాడు బాపు. ఆ వెంటనే, రెప్ప వేసేలోగా, తెల్లటి సిమెంటు మూత కనబడింది. అది రెండోది.

బాపు మొహం వాడిపోయింది.

"గింతేనా?"

ఎన్ని రోజుల తంటాలు, అన్నీ ఈ ఒక్క మాట వినడానికేనా అనిపించింది. ఆయనకు ఆ విమానాన్ని చూపించిన నా చేతులు విరగ్గొట్టుకోవాలనిపించింది.

"పైకెల్లి చూస్తే అన్నీ దగ్గర్నే కానొస్తయి బాపూ. ఆగు" అని విమానాన్ని వెనక్కి తిప్పాను. దించాను. ఇంకా దించాను. బొమ్మ ఎక్కడ కుదుపుతుందోనని నా మెడ వెనక చెమట పట్టింది. కుదపలేదు. మొదటి నోటి దగ్గరికి వచ్చేసరికి మేం దాదాపు నేల మీదే ఉన్నాం. ఎదురుగా మట్టిగుట్ట లేచింది. దాని అవతల ఏముందో తెలియడం లేదు. గుట్ట పక్క నుంచి వంగి పోతే లోతైన వాగు. వాగు దాటితే మళ్లీ ఎత్తు. రెండో నోరు ఎక్కడా లేదు. నేల అలా సాగుతూనే ఉంది.

బాపు రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. ఆయన ఊపిరి నాకు వినబడుతోంది. చాలాసేపటికి ఆ తెల్లటి మూత కనబడింది.

"ఆ దినం నేను గిట్ల నేల మీదనే ఉంటి గద" అన్నాడు.

నేను అవునన్నాను. ఆయన నా వైపు తిరిగాడు. ఏడుస్తున్నాడు.

"ఉరికిన బిడ్డా. నేను ఉరికిన."