సోమాలియా తీరంలో మావారి ఓడ

మావారు సరుకు ఓడలో ఇంజనీర్. మేం ఈ పైదేశపు రేవుపట్టణం హాలిఫాక్స్‌లో స్థిరపడ్డాక కూడా ఆయన సముద్రం వదల్లేదు. ఆ చలికాలం ఆయన ఓడ సోమాలియా తీరం మీదుగా పోవలసి వచ్చింది. కొన్నేళ్లు సద్దుమణిగిన సముద్రపు దొంగలు మళ్లీ బయలుదేరారని వార్తల్లో వింటున్న రోజులవి.

ఒక పొద్దున హాస్పిటల్ ఫార్మసీలో పనిలో ఉండగా ఓడ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. రెండు చిన్న పడవలు ఓడను తరుముతున్నాయట. సిబ్బంది అంతా కింద ఉన్న రక్షణ గదిలోకి వెళ్లి తలుపులు బిగించుకున్నారట. అంతకు మించి వాళ్లకీ తెలియదు.

నా పక్కన పనిచేసే ఆవిడ సోమాలియా నుంచి వచ్చిన మనిషి. నా ముఖం చూసి కుర్చీ లాగింది. విషయం చెప్పి, "చంపేస్తారా?" అని అడిగాను.

"చంపరు. మనుషులు ప్రాణాలతో ఉంటేనే వాళ్లకి డబ్బొచ్చేది" అంది.

నన్ను మాటల్లో పెట్టడానికే కాబోలు, తన ఊరి సంగతి చెప్పింది. "మా నాన్న చేపలు పట్టేవాడు. దేశంలో ప్రభుత్వం కూలిపోయాక మా సముద్రానికి కాపలా లేకుండా పోయింది. పైదేశాల పెద్ద చేపల ఓడలు, ట్రాలర్లు, వచ్చి చేపలన్నీ ఊడ్చుకుపోయాయి, మా వలలు తెంపేశాయి. మొదట్లో వాటిని తరమడానికే మావాళ్లు తుపాకులు పట్టారు. తర్వాత ఓడను పట్టుకుంటే డబ్బొస్తుందని తెలిసింది. దాంతో పడవలూ తుపాకులూ కొనిచ్చే పెద్దమనుషులు దిగారు. వాళ్లలో ఏనాడూ వల వేసినవాడు లేడు."

"మరి మీ నాన్నగారు?"

"ఆయన పడవని ఆ దొంగలే లాక్కున్నారు. ఆయన ట్రాలర్లనీ క్షమించలేదు, వాళ్లనీ క్షమించలేదు."

ఇంతలో నా ఫోన్ మోగింది. మావారి గొంతు.

"నేనే. అందరం సేఫ్. పైకొచ్చేశాం."

ఆయనే చెప్పుకుపోయారు. "ఓడ చుట్టూ ముళ్లకంచె కట్టాం కదా, నిచ్చెన వేయలేకపోయారు. నేవీ హెలికాప్టర్ కనబడగానే వెనక్కి తిరిగారు."

"ఏమైనా తిన్నారా?" అన్నాను చివరికి.

"కుక్ ఇప్పుడే పొయ్యి వెలిగించాడు. నువ్వు కంగారుపడకు."

పక్కనుంచి ఆవిడ మెల్లగా, "పడవల్లో వాళ్లని కాల్చారేమో అడుగు" అంది. అడిగాను. ఎవరినీ కాల్చలేదనీ, తీరం వైపు పోయారనీ అన్నారు. ఆ మాట చెప్పగానే ఆవిడ కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

"మా ఊరి పిల్లలే అయుండొచ్చు" అంది.

అప్పుడు ఏడ్చాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

సాయంత్రం ఇద్దరం ఫెర్రీలో ఇళ్లకు బయలుదేరాం. రేవులో యుద్ధనౌకలు ఆగి ఉన్నాయి. ఇక్కణ్ణుంచి కూడా ఆ తీరానికి కాపలాకి వెళ్లొచ్చినవి ఉన్నాయని విన్నాను. వాటికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

"ఇవి ఉంటే దొంగలు తగ్గుతారు, నిజమే. ట్రాలర్లని ఎవరు తరుముతారో మరి" అంది ఆవిడ. మావారి ఓడ ఆ దారి పట్టిన నాటి నుంచి చచ్చిపోయిన ఆకలి నాకు అప్పుడు వేసింది. "మా ఇంటికి రా, వేడిగా చారన్నం తిందాం" అన్నాను. వచ్చింది.