గొడుగు చుక్కాని

హాడో రేవు నుంచి ఓడ కదిలిన కాసేపటికే పక్కసీటాయన నిమ్మకాయ వాసన చూడటం మొదలుపెట్టాడు. చేపలవేటే తన బతుకని అంతకుముందే గర్వంగా చెప్పాడు.

"సముద్రం పడదా భయ్యా?" అన్నాను.

"నా పడవలో ఏనాడూ కడుపు తిప్పనేదు దీదీ. అక్కడ సుక్కాని నా సేతిలో ఉంటాది. ఇక్కడ ఎవుడో నడుపుతుంటే ఖాళీ సేతుల్తో కూకోవాల. మావోళ్లెవులికీ ఈ సంగతి తెల్దు."

నా గొడుగు అడిగి తీసుకున్నాడు. దాన్ని నేలకి ఆనించి, వంకీ పిడి పట్టుకుని, కిటికీలోంచి అలల్ని చూస్తూ అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. నిమ్మకాయ మళ్లీ ముట్టలేదు.

జెట్టీ దగ్గర గొడుగు తిరిగిస్తూ, "సుబ్బరంగా ఒడ్డుకి సేర్సేసాను గదా" అన్నాడు.

ఇప్పుడు వాన లేకపోయినా గొడుగు లేకుండా ఓడెక్కను. దాని పిడి పక్కసీటు వైపు ఉండేలా పెట్టుకుంటాను.