బిడ్డ పాదం మీద సొన మచ్చ

మా చిన్నప్పుడు మామిడికాయలు మాగబెట్టే గదిలోకి చెప్పులతో వెళ్ళనిచ్చేవారు కాదు... నేలంతా వరిగడ్డి పరిచి, దాని మీద చిన్నరసాలు వరసలుగా పేర్చేవాళ్ళు. మా అమ్మ పని అదే. ముసునూరు దగ్గర ఒక రైతు గారి తోట. వేసవి సెలవుల్లో నేనూ వెంట వెళ్ళేదాన్ని. నాకప్పుడు పదేళ్ళు.

పండినవి ఏరడం అమ్మే నేర్పింది. "కాయంతా చూడకే. ముచ్చిక దగ్గర చూడు. రంగు అక్కడే తిరుగుద్ది" అనేది.

రైతు గారి అమ్మాయి స్వప్నదీ నా వయసే. ఆ ఏడు వాళ్ళ మేనమామ హైదరాబాద్ నుంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. నిండా ముక్కలు... అన్నీ సరిగ్గా కలిపితే ఒక బొమ్మ వస్తుంది. నీలం ముసుగు కప్పుకున్న తల్లి, ఒళ్ళో బిడ్డ, తలల వెనక బంగారు వెలుగు. మరియమ్మ, బాలయేసు. ఐదు వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఏదో చర్చి కోసం వేసిన బొమ్మ అని, పెట్టె మీద ఇంగ్లీషు చదివి స్వప్నే చెప్పింది.

తను రెండు రోజులు కూర్చుంది. అంచులు తప్ప ఏమీ కుదరలేదు. ముసుగంతా నీలమే మరి. "అన్నీ ఒకటేలా ఉన్నాయే బాబూ! నువ్వు పెడతావా?" అంది విసుగొచ్చి.

నాకు ఒకటేలా కనిపించలేదు... మడత లోపల నీలం నల్లబడుతుంది, మోకాలి మీద పలచబడుతుంది. పళ్ళు ఏరినట్టే ఏరాను. వాళ్ళింటి వరండాలో పాత తలుపు రెక్క పరిచి, దాని మీద వారం రోజులు పేర్చాను. ముసుగు నేను పేర్చిందే. బంగారు వెలుగూ నేను పేర్చిందే. స్వప్న పక్కన కూర్చుని ముక్కలు అందించేది, కబుర్లు చెప్పేది.

ఆఖరికి ఒక్క ముక్క తగ్గింది. బిడ్డ పాదం.

స్వప్న వాళ్ళమ్మ వచ్చారు. మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. ఆ ఖాళీ చూశారు, నన్ను చూశారు, మా అమ్మని కేకేశారు.

"ఏమే సీతా, నీ కూతురు బొడ్లో దోపుకుందేమో చూడు. దొంగముండ! లేకపోతే ముక్క ఎక్కడికి పోద్ది?"

"దానికెందుకండీ అది..."

"చూడమన్నానా!"

అమ్మ మొదట నా రెండు చెంపలూ వాయించింది. పనివాళ్ళంతా చూస్తుండగా లంగా కుచ్చిళ్ళు దులిపింది. జడ విప్పి, పాయ పాయా తీసి వెతికింది. స్వప్న స్తంభం పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

ఐదు రోజుల తర్వాత మాగబెట్టిన గదిలో పళ్ళు తీస్తుంటే, గడ్డి అడుగున ఆ ముక్క అమ్మ చేతికే తగిలింది. కాయల సొన కారి పాదం మీద నల్లటి మచ్చ పడింది.

ఆఖరి ముక్క తనే పెట్టాలని స్వప్న దాన్ని ముందే గడ్డిలో దాచిందట. దాచిన సాయంత్రమే తోటలోంచి కొత్త కాయలు వచ్చి, ఆ గడ్డి మీద పేర్చేశారు. ఇక తీయడం కుదరలేదట. ఇదంతా తనే నవ్వుతూ చెప్పింది. అమ్మగారూ నవ్వారు.

"ఓసి దొంగముండా! రా, నువ్వే పెట్టు."

పెట్టింది. నేను మెట్ల కింద నిలబడి చూశాను. పైకి రమ్మని ఎవరూ అనలేదు.

ఆ పూట మా అమ్మకి మెత్తబడ్డ రసాలు ఒక గంపెడు ఇచ్చారు. అంతే... మాట లేదు. ఇంటికెళ్ళి తిన్నాను. తియ్యగానే ఉన్నాయి. తిన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపం.

ఇప్పుడెందుకీ గొడవంతా అంటారా... మొన్న స్వప్న ఒక ఫొటో పెట్టింది. అద్దం కట్టించిన అదే బొమ్మ. "చిన్నప్పుడు అమ్మా నేనూ కూర్చుని ఒక్కో ముక్కా పేర్చింది. ఎంత ఓపికో!" అని రాసింది. కింద అన్నీ మెచ్చుకోళ్ళే. ఫొటో పెద్దది చేసి చూశాను. మచ్చ అలాగే ఉంది.

"ఆ పాదం మీద మచ్చ ఎలా పడిందో కూడా చెప్పు స్వప్నా" అని కామెంట్ పెట్టాను. పది నిమిషాల్లో తీసేసింది.

అమ్మకి ఫోన్ చేశాను.

"పోనీలేవే, ఎప్పటి సంగతి!"

"నువ్వెందుకు కొట్టావమ్మా అప్పుడు?"

"నేను కొట్టకపోతే ఆవిడ కొట్టేది. ఆవిడ చెయ్యి నీ మీద పడ్డాక నేను మళ్ళీ ఆ గదిలోకెళ్ళి కాయలు పేర్చగలనా? పేర్చకపోతే ఏం తింటాం?"

ఆ నీలం ముసుగు పేర్చింది నేను. ఆ ముక్క తీసింది నేను కాదు. ఈ రెండు ముక్కలూ అప్పుడు ఎవరూ అనలేదు గనక, ఇప్పుడు నేనే అంటున్నాను.

కాలం మారింది లేండి... అలాంటి పెట్టెలు ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే ఇంటికొస్తున్నాయి. మా అమ్మాయికీ ఒకటి కొన్నాను. ముక్క కనపడకపోతే మంచం కింద వెతుకుతాను. దాని జడ జోలికి పోను.

మీలో ఇంకెవరి జడలు విప్పి వెతికారో రాయండి. ఇక్కడ ఎవరి మాటా తీసెయ్యను.