కోకో అడగని భుజం

పోపయాన్ ఊళ్ళో, ఈస్టరుకు ముందు పవిత్రవారం పల్లకీ మోసేవాళ్ళకు ఒక్క మాటంటేనే భయం. బరువుకు ఓర్చుకోలేక దారిలో తప్పుకున్నవాణ్ణి, తాగడానికి వేడి కోకో కోసం ఆగిపోయాడన్నట్టు, "కోకో అడిగాడు" అంటారు. అది మనవల దాకా వెంటాడుతుంది.

ఎవెలియో గిటార్లు బాగుచేసేవాడు. వ్యాకులమాత విగ్రహం ఊరేగే పల్లకీకి ముందువరుస కుడికర్ర అతనికి తండ్రి ఇచ్చిపోయిన చోటు. ఇరవై రెండేళ్ళ మోతకు భుజం కాయ కాసింది. నలభై ఏడో ఏట గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోక, నెత్తురు వెనక్కి కారడం మొదలైంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఊళ్ళో డాక్టరు రొమ్మెముక నిలువునా కోయాలన్నాడు. వచ్చే ఊరేగింపు సంగతి మరిచిపొమ్మన్నాడు.

"గిటార్ లోపల పట్టీ ఊడితే పైపలక పీకుతామా డాక్టరుగారూ? బొక్కలోంచి అద్దం పెట్టి చూస్తూ, వంకర కడ్డీతో అంటిస్తాం. ఆ పని తెలిసినవాళ్ళే లేరా?" అని లేచి వచ్చేశాడు.

ఎదురింటి రొట్టెలావిడ, అతను మెట్లెక్కలేడని రోజూ తానే రొట్టె పైకి తెచ్చిచ్చేది. కాలీ నగరంలో తన చెల్లికి ఇలాంటి ఆపరేషన్ చేసిన డాక్టర్ ఫాబియోలా పేరు ఆమే చెప్పింది.

"ఎముక ముట్టుకోం," అంది ఫాబియోలా. "కుడి పక్కటెముకల సందులో చిన్న కోత. కెమెరా లోపలికి పంపి, తెర మీద చూస్తూ కుడతాం."

ఎవెలియో ఆపరేషన్ అంగీకార కాగితం చివరిదాకా చదివాడు. "అవసరమైతే ఛాతీ తెరుస్తాం అని ఉంది. దీనికి సంతకం పెట్టను."

"పెట్టకపోతే నేను కత్తి పట్టను. మీ అద్దంలో కనపడని పగులుంటే పలక తీయరా?"

అతను కలం అందుకున్నాడు. "తీస్తాను," అని సంతకం పెట్టాడు. "కానీ తొందరపడి తీయను."

"నేనూ అంతే."

ఆపరేషన్‌లో పలక తీయాల్సిన అవసరం రాలేదు. మెలకువ వచ్చాక ముందు రొమ్ము మధ్యన తడుముకున్నాడు. ఎముక ఎక్కడిదక్కడే ఉంది. సిలువ గుర్తు వేసుకున్నాడు.

ఏడు నెలలకు ఫాబియోలా పరీక్షలన్నీ చూసి, మోయవచ్చని రాసిచ్చింది. అప్పటికే పల్లకీ పెద్ద దోన్ రుబియెల్ కుడికర్రకు వేరేవాణ్ణి అనుకున్నాడు.

"నీ మంచికేనయ్యా. మధ్యలో కోకో అడిగితే మీ నాన్న పేరు ఏమవుతుంది?"

"కోత ఇక్కడ," అని ఎవెలియో చొక్కా పక్కకు లాగి చూపాడు. "భుజం ఇక్కడ. మా నాన్న ఇచ్చింది భుజం మీది చోటు. నేను బతికుండగా అది ఖాళీ కాదు."

రుబియెల్ ఆ చిన్న మచ్చను వంగి చూశాడు. "ఇంతేనా? మా పిల్లి ఇంతకన్నా గట్టిగా గీరుతుంది. పోయి ఊరేగింపు అంగీ ఉతికించుకో."

పవిత్రవారంలో శుక్రవారం రాత్రి పల్లకీ లేచింది. నాలుగో వీధికి పక్కటెముకల దగ్గర చర్మం లాగింది. ఊపిరి మాత్రం నిండుగా ఆడుతోంది. అతని చోటుకు రుబియెల్ అనుకున్న మనిషి అలగకుండా పక్కనే నడుస్తూ, అతని నుదుటి చెమట తుడిచాడు.

మలుపులో భార్య నెల్సీ నిలబడి ఉంది, చేతిలో పొగలు కక్కే కోకో.

"ఏమయ్యా, ఇవ్వనా?"

"నువ్వే తాగు."

ఆమె నవ్వుకుంటూ, అతను చూస్తుండగానే గ్లాసు ఖాళీ చేసింది. పల్లకీ మలుపు తిరిగింది.