మూడు పలకల తుంగ

నిజాం కాలంలో, హుస్సేనీ ఆలంలోని మా ఇంటికి చాపలల్లే అవ్వ ఒకామె వచ్చేది. తుంగకాడ దొరికితే చాలు, రెండు వేళ్ళ మధ్య పెట్టి దొర్లించేది.

"గిది గుండ్రం తుంగ, తిరుగుతది. గిది మూడు పలకలది, మొండిది, తిరగదు" అనేది. పైకి మాత్రం రెండూ ఒకేలా కనిపించేవి.

నేనూ మా చెల్లీ అలాంటి కవలలమే. ఒకసారి మాలో ఒకరం కొత్త చాప చింపాం.

"ఎవరు చింపిన్రో నువ్వే చెప్పు అవ్వా" అంది అమ్మ.

అవ్వ మా చిటికెన వేళ్ళు పట్టుకుని దొర్లించింది. భయానికి నా వేలు బిగుసుకుపోయింది.

"రెండు గుండ్రం తుంగలే బిడ్డా. చాపనే నేను సక్కగ అల్లలే" అంది, తన చాప చిరగనే చిరగదని ఊరంతా చెప్పుకునే మనిషి.

పోతూ పోతూ నా చేతిలో ఒక కాడ పెట్టి నవ్వింది. దొర్లించి చూశాను. తిరగలేదు.